నాలుగు తీగల వాటం

పోయిన వారం మనం ఇందుమతిని వేలూరు లాంగ్‌బజారు వెనక సందులో, జెసింత అంగడి మెట్ల మీద, ఒళ్లో గిటారు సంచి పెట్టుకోని కూర్చున్నట్టే వదిలేసి వచ్చినాం. పాపం, ఆ పిల్ల ఇంకా ఆడనే ఉండాది. అంగడి షట్టరు ఇంకా లేవలేదు. ఎండ మాత్రం లేచింది. వేలూరు ఎండ గుణమే అంత, పొద్దున్నే కొత్తల్లుడి మాదిరి వచ్చి మెట్టు మీద కూర్చుంటాది, ఇంగ సాయంత్రం దాకా కదలదు.

ఈ కథలోకి ఇప్పుడే కాలు పెట్టినవాళ్లుంటే వాళ్లకు రెండు ముక్కలు చెప్పాల. ఇందుమతి ధనపాల్ మేస్త్రి కూతురు, ఒక్కతే బిడ్డ. వారమంతా బూట్ల కంపెనీలో తోలు కుట్టే మిషను ముందర కూర్చుంటాది. ఆదివారమూ, తిరునాళ్లప్పుడూ మాత్రం గుడియాత్తంలో అణ్ణామలై మాస్టరు ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తాది. గిటారంటే సన్న తీగలతో కిలకిలమని నవ్వేది కాదు. ఇది వేరే. నాలుగే తీగలు, మొలతాళ్ల మాదిరి లావు. దాని సౌండు చెవిలోకి రాదు, అరికాళ్లలోంచి ఎక్కి రొమ్ములో కూర్చుంటాది. కచ్చేరికి వచ్చిన జనానికి అది మోగతా ఉండాదనే తెలీదు. నిలిచిపోతే మాత్రం, పాట ఏందో కాళ్లు లేకుండా గాల్లో తేలతా ఉండాదే అని ఒకరి మొగం ఒకరు చూసుకుంటారు.

ఆ గిటారుకు నెల రోజులుగా ఒక జబ్బు పట్టుకునింది. నడుమ రెండు తీగలు వాకిట్లో నిలబడి కేకేసినట్టు మోగతాయి. అంచున ఉండే రెండూ, లావుదీ సన్నదీ, పాలారు అవతలి గట్టు నుంచి ఎవురో పిలిచినట్టు. తీగలు మార్చింది, వైరు మార్చింది, జబ్బు మారలేదు. మాస్టరు మొన్న ఒక మాట తేల్చి చెప్పేసినాడు. ఈ పొద్దు మద్యానం ప్రాక్టీసులో నాలుగు తీగలూ ఒకే తీరుగా మోగకపోతే, కీబోర్డు వాయించే శక్తివేల్ తన ఎడమ చేత్తోనే బేసు కూడా వాయించేస్తాడంట. ఇందుమతి కోరస్‌లో నిలబడాలంట. ఈ మధ్య శానా ఆర్కెస్ట్రాల్లో ఇదే కథ. ఒక కుర్చీ మిగలతాది, వ్యానులో ఒక మనిషికి చోటు మిగలతాది. గంగమ్మ తిరునాళ్ల కచ్చేరి ముంగిట్లో ఉండాది. ఆ కుర్చీ పోతే మళ్లా రాదు, అది ఇందుమతికి తెలుసు.

షట్టరు కిర్రుమనింది.

"ఏం ఇందూ, రాత్రంతా ఈడనే పండుకున్నావా ఏంది?" అనింది జెసింత, తాళాల గుత్తి నడుముకు దోపుకుంటా. కాట్పాడి చర్చిలో పెండ్లిండ్లకూ పండగలకూ ఆమే గిటారు వాయిస్తాది. ఆమె అంగడిలో తబలాలు, హార్మోనియాలు, తీగలు తెగిపోయిన వీణ ఒకటి, అన్నీ ఒకదాని పక్కన ఒకటి నిద్రపోతా ఉంటాయి. లోపలికి పోతే మనిషి గొంతు దానంతట అదే తగ్గిపోతాది.

"చూడక్కా, నువ్వన్నా చూడు. నాకు పిచ్చి పడతా ఉండాది."

జెసింత గిటారును బల్ల మీద పండబెట్టింది. ముందు వాయించలేదు. వంగి, ఒక కన్ను మూసి, మెడ మీదుగా కింది దాకా చూసింది, సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు. చూసి, "ఓయమ్మా" అనింది మెల్లగా. "ఎవురు చేసినారు ఈ పని?"

"ఏం పని?"

"ఇట్ల రా. ఈ తీగల కింద ఉండే చెక్క ఉండాదే, ఇది పలక మాదిరి చదునుగా ఉంటాదనుకుంటా ఉండావా? చూడు." ఒక స్టీలు స్కేలు తీసి, మెడకు అడ్డంగా, తీగల కిందుగా దూర్చి చెక్కకు ఆనించింది. స్కేలు ఒక పక్కకు వాలింది. ఇంకో పక్క నొక్కితే ఆ పక్కకు వాలింది. "బోర్లించిన పెంకు మాదిరి నడుమ ఉబ్బి ఉంటాది. తీగలు కూడా ఆ ఉబ్బు మాదిరే పోవాల, నడుమవి ఎత్తుగా, అంచువి దిగువగా. నీ తీగలు చూడు, దారం పట్టి గీత గీసినట్టు నాలుగూ ఒకే ఎత్తులో ఉండాయి. అంచు రెండిట్నీ ఎవురో పైకి లేపేసినారు. కింద ఈ నల్ల డబ్బా చూసినావా?"

అది పికప్. దానిలో అయస్కాంతం ఉంటాది, తీగ వణికితే ఆ వణుకును పట్టి స్పీకరుకు పంపిస్తాది. తీగ దగ్గరుంటే గట్టిగా వింటాది, దూరంగా ఉంటే లీలగా వింటాది.

"అంచు తీగలు దానికి దూరమైపోయినాయి. ఇంగ యాడ మోగతాయి? పైగా ఈ డబ్బాను కూడా చదును చేసి పెట్టినారు. అది కొంచెం ఏటవాలుగా ఉండాల. ఇది తప్పిపోయి జరిగిన పని కాదమ్మా. ఎవురో కూర్చోని, శానా ఓపిగ్గా, శానా ప్రేమగా చేసిన పని. ఒక్క స్క్రూ తల కూడా చెడలేదు."

"నేను తప్ప దీన్ని ఎవురు తాకతారక్కా" అంటానే ఇందుమతి వంగి చూసింది. తీగలు వచ్చి కూర్చునే స్టీలు బిళ్లల్లో చిన్న చిన్న స్క్రూలుంటాయి. చివరి స్క్రూ గుంతలో తెల్లగా ఏందో చుక్క. గోటితో గీకింది. గోటి కింద పొడిపొడిగా రాలింది. తెల్ల సిమెంటు. టైల్స్ సందుల్లో పూసేది.

ఆ చుక్క చూస్తా శానాసేపు అట్లనే నిలబడిపోయింది. చిన్నప్పట్నుంచీ ఆ తెల్ల పొడిని ఇంట్లో ప్రతి దాని మీదా చూసింది. చెంబు మీద, తలుపు గొళ్లెం మీద, తనకు జడ వేసి నాయన చేతులు తీసినాక రిబ్బను మీద.

"ఏమైంది?" అనింది జెసింత.

"ఏం లేదక్కా."

"నేను సరి చేసి ఇచ్చేదా? కాఫీ తాగే లోపల అయిపోతాది."

"వద్దు. ఈ స్క్రూలు తిప్పే చావి నాకియ్యి. ఎట్ల చెయ్యాల్నో చెప్పు. ఆ చిన్న స్పీకరు పెట్టె కూడా ఒక పూటకు ఇయ్యి."

జెసింత ఆ పిల్ల మొగంలోకి చూసింది. ఏం అడగలేదు. తెలివైన మనిషి. ఆరు మూలల చిన్న చావి తీసి చేతిలో పెట్టి, చెప్పాల్సింది చెప్పింది. చెక్క ఎట్ల వంగిందో తీగలు అట్లనే వంగాల. తర్వాత డబ్బాను సన్న తీగ పక్క కొంచెం లేపాల, లావు తీగ పక్క కొంచెం దించాల. లావుదానికి బలం ఎక్కువ, దూరంగా ఉన్నా మోగతాది. సన్నదాన్నే దగ్గరికి పిలవాల. "అట్లని మరీ దగ్గరికి పోనియ్యొద్దు. అయస్కాంతం తీగను గుంజి పట్టుకుంటాది. అప్పుడు సౌండు జ్వరమొచ్చినట్టు వణకతాది. కొలతలని వెతుక్కోబాక. ఒకే బలంతో మీటు, విను, కొంచెం తిప్పు, మళ్లా విను. అంతే."

షేర్ ఆటోలో సత్తువాచారి దిక్కు, నాయన పని చేసే చోటికి పోతా ఉంటే, ఇందుమతి ఒళ్లో స్పీకరు పెట్టె, భుజాన గిటారు, రొమ్ములో కోపం. మూడూ బరువే. కొండలు పొగమంచు మాదిరి ఎండలో కరిగిపోయి, యాడ కొండ అయిపోయి యాడ ఆకాశం మొదలైతాదో తెలీకుండా ఉండాది. ఆటో ఊగినప్పుడంతా సంచిలో గిటారు ఒక మూలుగు మూలుగుతా ఉండాది, నిద్రలో బిడ్డ మాదిరి.

నాయన సంగతి తెలిసిందే కదా. వంకరగా ఉండేది కంట పడితే ఆ మనిషికి అన్నం దిగదు. డాక్టరు దగ్గర జనం కూర్చోని దగ్గతా ఉంటే, ఈయన లేచి పోయి గోడ మీద క్యాలెండరు సరి చేసి వస్తాడు. పెండ్లికి పోతే తాళి కట్టే టైముకు పెండ్లికొడుకు బాసింగం సర్ది వస్తాడు. ఇందుమతి అమ్మ పుష్పవతి నవ్వతాది, "ఈయన్ని చందమామ దగ్గరికి పంపినా, దాని మీద కూడా రసమట్టం పెట్టి చూసి, సన్నగా అరగదీసి వస్తాడు" అని. రసమట్టమంటే తెలుసు కదా, గాజు గొట్టంలో బుడగ ఉంటాది, బుడగ నడుమన నిలిస్తే పని మట్టంగా ఉండాదని లెక్క. ధనపాల్ జేబులో పెన్ను లేకపోయినా అరచేతంత రసమట్టం ఒకటి ఎప్పుడూ ఉంటాది.

అయినా ఇప్పుడు ఆ మాటలకు ఇందుమతికి నవ్వు రాలేదు. నెల రోజులు. మాస్టరు అందరి ముందర "నీ వేళ్లలో బలం లేదమ్మా" అన్నాడు. వేళ్లు కాయలు కాసేటట్టు సాధన చేసింది. తన చేతినే తను నమ్మడం మానేసింది. ఎవురి పాపమో అనుకునింది. ఇంట్లో, మంచం పక్కన, తన గిటారు కాడనే జరిగిందంట.

చెప్పాల. ఈ పొద్దు గట్టిగా చెప్పాల. చెప్పాలంటే కూడా, ఆ మనిషికి గట్టిగానే చెప్పాల. టైల్స్ కోసే మిషను పక్కన ఏండ్లు ఏండ్లు కూర్చోని చెవులు మొద్దుబారిపోయినాయి. పెద్ద పనులకు ఇప్పుడు ఎవురూ పిలవరు. పైనుంచి ఇటుక పడతాంది జరుగు అని అరిచినా వినపడదు, మాకెందుకొచ్చిన తంటా అంటారు. ఇంగ ఆయనకు మిగిలిందల్లా కండ్లూ చేతులూ. చెవి పోయినా నా కన్ను పోలేదు, నేను పెట్టిన మట్టం ఎవుడన్నా తప్పు పట్టమను అంటా ఉంటాడు. అదొక్కటే ఆయన పట్టుకోని నిలబడిన కొమ్మ.

ఆటో దిగేటప్పటికి కోపం ఉండాది కానీ, దాన్ని ఏ చేత్తో ఎత్తాల్నో తెలీడం లేదు.

ధనపాల్ ఒక ఇంటి మిద్దె మీద తెల్ల టైల్స్ పరస్తా ఉన్నాడు, ఎండకు ఇల్లు చల్లగా ఉండాలని వేసేవి. మెట్లెక్కి పైకి వస్తానే ఇందుమతికి కండ్లు మూసుకుపోయినాయి. అంత తెల్లదనం. మిద్దె కాదు, పాలు కాచి ఆరబెట్టినట్టుంది. ఆ తెల్లదనం నడుమ తలకు తుండు కట్టుకోని నాయన ఒక్కడే గొంతుకూర్చోని ఉన్నాడు.

నీడ పడితే తలెత్తినాడు.

"అమ్మాయీ. ఏంది, కచ్చేరి ఈడనా పెట్టినారు? మైకు సెట్టు యాడ?"

ఆమె నవ్వలేదు. ఎదురుగా కూర్చునింది, పెదవులు కనపడేటట్టు. "నాయనా. దీన్ని నువ్వు తాకినావా?"

ధనపాల్ మొగం వెలిగిపోయింది. ఆ వెలుగు చూస్తానే, ఆటోలో పేర్చి పెట్టుకున్న మాటలన్నీ ఇందుమతి నోట్లోనే కూలిపోయినాయి.

"కనుక్కున్నావా? నేను చెప్పకుండా నీకే తెలియాలని ఊరకున్నా. మీ అమ్మతో కూడా చెప్పలేదు. నువ్వు కంపెనీకి పోయినప్పుడు దుమ్ము తుడుస్తా ఉన్నా. చూస్తే, నాలుగు తీగలు నాలుగు ఎత్తుల్లో. ఆ డబ్బా చూస్తే కోణల్, ఒక పక్కకు వంకర. నా మట్టం పెడితే బుడగ పారిపోయి మూలకు దాక్కునింది. చేసినవాడు ఎవుడో కానీ పనిదొంగ. పొద్దంతా కూర్చున్నా. ఒక చుట్టు తిప్పేది, మట్టం పెట్టేది. ఒక చుట్టు తిప్పేది, మట్టం పెట్టేది. సాయంత్రానికి బుడగ నడుమకొచ్చి నిలిచింది చూడు, నా తల్లీ, కదల్లేదు." ఆగి, కొంచెం సిగ్గుగా, "బాగుండాదా ఇప్పుడు?" అన్నాడు.

నెల రోజులుగా ఈ మాట అడగాలని కాచుకోని ఉన్నాడు. ప్రతి ఆదివారం ఆమె కచ్చేరి నుంచి వస్తే వాకిట్లోనే నిలబడి ఆమె మొగం చూసేవాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

 ఆయన జవాబు కోసం కాసేపు చూసి, ఏం తోచక మగ్గులో నీళ్లు తీసి, పరిచిన టైల్స్ మీద వంపినాడు. నీళ్లు ఒక చోట ఆలోచించినట్టు ఆగినాయి. తర్వాత, ఎవురో మెల్లగా పేరు పెట్టి పిలిచినట్టు, తెల్ల టైల్స్ మీద సన్నంగా జారుకుంటా మూలన ఉండే తూము దిక్కు పోయినాయి. ఆ నీళ్లలో ఆకాశం కూడా జారిపోతా ఉండాది. ఇద్దరూ అదే చూస్తా కూర్చున్నారు.

"ఇదేం నాయనా, ఇది మట్టంగా లేదే" అనింది ఇందుమతి.

ధనపాల్ ఆమెను వెర్రిదాన్ని చూసినట్టు చూసినాడు. "మిద్దెకు ఎవుడన్నా మట్టం పెడతాడా? వాన పడితే నీళ్లు యాడికి పోవాల? నిలిచిపోయి ఇల్లంతా కారతాది. మిద్దెకు వాటం ఇయ్యాల. తూము దిక్కు సన్నంగా దిగాల. మేస్త్రి బిడ్డవి, ఇది కూడా తెలీదా నీకు? ఆ వాటం కంటికి తెలియకూడదు. నీళ్లకు తెలియాల. అదీ పని."

ఇందుమతి గిటారు సంచి జిప్పు తీసింది. పక్కన పడుండిన ఆయన స్కేలు తీసుకోని, జెసింత చేసినట్టే మెడకు అడ్డంగా చెక్కకు ఆనించింది. ఆయన చేతిని తీసి స్కేలు మీద పెట్టింది. "ఒక పక్క నొక్కు."

నొక్కినాడు. వాలింది. ఇంకో పక్క నొక్కినాడు. ఆ పక్కకు వాలింది. మళ్లా నొక్కినాడు. ఆయన వేళ్లు అట్లనే ఆగిపోయినాయి.

కింద వీధిలో ఎవురో స్కూటరు స్టార్టు చేస్తా ఉన్నారు, అది పలకడం లేదు. కాకి ఒకటి వచ్చి మగ్గు అంచున కూర్చోని, వంగి తాగి పోయింది. ధనపాల్ స్కేలు తీసి పక్కన పెట్టినాడు. తలకు కట్టిన తుండు విప్పి మొగం తుడుచుకున్నాడు. శానాసేపు తుడుచుకున్నాడు.

"దీనికీ వాటం ఉండాదా?"

"ఉండాది నాయనా."

"అయితే ఆ మాస్టరు నిన్ను అంటా ఉండేది, మీ అమ్మ చెప్పింది నాకు, సౌండు సరిలేదని, కోరస్‌లో నిలబడమని... అదంతా నా చేతి పనికా?"

ఔనని అనడానికి నోరు రాలేదు. కాదని అబద్ధం చెప్పడానికి ఆయన కండ్లు ఒప్పుకోలేదు, ఆ కండ్లకు వంకర తెలుస్తాది కదా. ఇందుమతి జేబులోంచి చావి తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"మద్యానం ప్రాక్టీసు. ఈ లోపల సరి చేద్దాం. నువ్వు ఎక్కించినవి నువ్వే దించు. నా కంటే నీ చెయ్యి నిదానం."

ఆయన చావి వైపు చూసినాడు, చేతుల వైపు చూసినాడు. లేచి పోయి, బకెట్టులో చేతులు మోచేతుల దాకా కడిగినాడు. గోళ్ల సందుల్లో కూడా కడిగినాడు. అన్నానికి కూడా అంత బాగా కడగడు ఆ మనిషి.

తీగలు దించడం ఆయనకు కష్టమేం కాలేదు. చెక్క ఉబ్బును వేలితో ఒకసారి తడిమి చూసుకున్నాడు, అంతే, ఇంగ స్కేలు కూడా అడగలేదు. అంచు తీగలు ఆ ఉబ్బు వెంబడే మెల్లగా కిందికి వంగినాయి. కానీ డబ్బా కాడికి వచ్చేటప్పటికి ఆగిపోయినాడు. అది కంటితో చేసేది కాదు. వినాల.

"నువ్వే విను" అన్నాడు. "నాకేం తెలుస్తాది."

"నాకు నమ్మకం పోయింది నాయనా. నెలగా విని విని, మంచిదేదో చెడ్డదేదో నా చెవికి తెలీకుండా పోయింది." ఇది నిజమే. ఆయనను బుజ్జగించడానికి అన్న మాట కాదు. స్పీకరు పెట్టెను, కోత మిషనుకు కరెంటు లాగిన బోర్డులోనే పెట్టింది. ఆయన చెయ్యి పట్టుకోని పెట్టె మీద పరిచింది. "చెవి వద్దు. చేత్తో చూడు. నేను నాలుగూ ఒకే బలంతో మీటతా. నీకెట్ల తగలతాదో చెప్పు."

నడుమ తీగ మీటింది. ధనపాల్ కనుబొమలు లేచినాయి. ఇన్నేండ్లుగా ఆ గిటారు ఇంట్లో మోగతా ఉన్నా, అదేం చెప్తాదో ఆయనకు తెలీదు. ఇప్పుడు అరచేతిలోంచి మోచేతికి, ఆడనుంచి భుజానికి ఏందో నడిచి వచ్చింది. కండ్లు మూసుకున్నాడు.

"ఇది ఇంట్లోనే ఉండాది" అన్నాడు. "నట్టింట్లో."

ఇంకోటి.

"ఇదీ ఇంట్లోనే. వంటింటి గడప కాడ."

లావు తీగ.

"ఇది వీధిలో. పక్కింటివాళ్లతో మాట్లాడతా ఉండాది."

సన్న తీగ మీటింది. ఆయన చెయ్యి ఇంకా గట్టిగా పెట్టెకు ఆనించినాడు, తల కూడా వంచినాడు. "ఇది... ఇది పాలారు వెంబడే విరించిపురం పోయింది. ఇంటికి రమ్మను దాన్ని."

అప్పుడు నవ్వింది ఇందుమతి. నెల తర్వాత నవ్వింది.

ఒక స్క్రూ తిప్పేది, మీటేది. ఎండ మిద్దె మీద తెల్లగా మరగతా ఉండాది, కానీ ఇద్దరికీ ఎండ తగిలినట్టు లేదు. ఏదో చెరువు అడుగున కూర్చున్నట్టు, చుట్టూ మెత్తగా, బరువుగా ఆ సౌండు ఊగతా ఉండాది. ఆయన చెప్తా ఉన్నాడు, ఆమె తిప్పతా ఉండాది. సన్నది విరించిపురం నుంచి బయలుదేరింది. ఏటి ఇసకలో నడిచింది. వేలూరు కోట కాడికి వచ్చింది. వీధి మొగదలకు వచ్చింది. లావు తీగను ఇంట్లోకి తెద్దామని ఆశ పడి డబ్బాను ఆ పక్క కూడా ఇంకొంచెం లేపింది ఇందుమతి. వెంటనే ధనపాల్ చెయ్యి తీసేసినాడు, నిప్పు తగిలినట్టు.

"దీనికి చలిజ్వరం వచ్చింది. వణకతా ఉండాది. దించు దించు."

దించింది. వణుకు పోయింది. ఇంకొంచెం దించింది. ఇంకో రవ్వంత. నాలుగూ వరసగా మీటింది, లావుదాంట్లోంచి సన్నదాంట్లోకి, సన్నదాంట్లోంచి లావుదాంట్లోకి.

ధనపాల్ కండ్లు తెరవలేదు. ఆమె మళ్లా మీటింది.

"నలుగురూ వచ్చేసినారు" అన్నాడు చివరికి. "ఒకే చాప మీద కూర్చున్నారు. భుజాలు తగలతా ఉండాయి."

బయలుదేరేటప్పుడు ఆయన మెట్ల దాకా వచ్చినాడు. వెంట పోవాలని ఉండాది, కానీ కలిపిన సిమెంటు మాలు గట్టిపడిపోతాది. "మాస్టరు అడిగితే చెప్పు" అన్నాడు. "చెడగొట్టినోడూ మా నాయనే, బాగు చేసినోడూ మా నాయనే అని. రెండూ ఒకటే చేతి పని, రెండిట్లోనూ వంక పెట్టడానికి లేదు అని." నవ్వబోయినాడు కానీ సగంలో ఆగిపోయినాడు. ఆమె భుజం మీద చెయ్యి వేసి, సంచి పట్టీ మెలిపడి ఉంటే తిప్పి సరి చేసి పంపినాడు.

గుడియాత్తం బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. పాలారు వెంబడే దారి. నీళ్లు లేని ఏరు అది, కానీ ఆ మద్యానం ఎండలో ఇసకంతా నీళ్ల మాదిరే తళతళలాడతా ఉండాది. తెలియనోళ్లెవురన్నా చూస్తే ఏరు పారతాంది అనుకుంటారు. విరించిపురం గోపురం వచ్చింది, చెట్ల వెనక నుంచి తొంగి చూసి పోయింది. ఇందుమతి సంచి పై నుంచే తీగలను వేళ్లతో తడమతా ఉండాది. ఒక పాట మొదట్నుంచీ చివరి దాకా అట్లనే, సౌండు లేకుండా వాయించేసింది. పళ్లికొండ కాడ పక్కనామె "నిద్రొస్తే నా మీద వాలమ్మా, పరవాలేదు" అనింది. నిద్ర కాదు అది. కానీ వాలింది.

అణ్ణామలై మాస్టరు ప్రాక్టీసు చేయించే చోటు ఒక లుంగీల గోడౌను మీద మిద్దె గది. కింద కట్టలు కట్టలుగా కొత్త గుడ్డ వాసన, గంజి వాసన. మెట్లెక్కి పోతే శక్తివేల్ అప్పటికే కీబోర్డు ముందర కూర్చోని ఉన్నాడు. ఇందుమతిని చూసి తల ఊపినాడు కానీ మొగం తిప్పేసుకున్నాడు. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడే పిల్లోడు, ఈ పొద్దు నోరు మెదపలేదు. మాస్టరు కిటికీ కాడ నిలబడి తాంబూలం నమలతా ఉన్నాడు.

"వచ్చినావా. తగిలించు" అన్నాడు మాస్టరు. "శక్తీ, నువ్వు కుడి చెయ్యి మాత్రం పెట్టుకో. ఎడమ చెయ్యి నేను చెప్పినప్పుడు."

ఆయన వెనక్కి తిరిగి కిటికీలోంచి బయటికి చూస్తా నిలబడినాడు. వినేటప్పుడు మనిషి మొగం చూస్తే చెవికి మొగమాటం వస్తాదని ఆయన పద్ధతి.

ఇందుమతి మొదలు పెట్టింది. లావు తీగ మీద ఒక అడుగు, దాని పక్కది, దాని పక్కది, సన్నది. ఎక్కింది, దిగింది. ఒక తీగ మీది నుంచి ఇంకో తీగ మీదికి పోయినప్పుడు గడప తగల్లేదు. ఎత్తు లేదు, పల్లం లేదు. కింద గోడౌనులో గుడ్డ కట్టలు కూడా ఊపిరి బిగబట్టి విన్నట్టు ఉండాది. పాట అందుకుంది, శక్తివేల్ కుడి చెయ్యి పైన తేలతా ఉండాది, కింద ఈమె సౌండు వెచ్చగా, నిండుగా, అంతటా ఒకే తీరుగా పరుచుకోని పోతా ఉండాది. నెల రోజులుగా పోగొట్టుకున్న చెయ్యి తిరిగి వచ్చి తన భుజానికి అతుక్కున్నట్టు అనిపించింది ఆ పిల్లకు. కండ్లలో నీళ్లు తిరిగినాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, కారితే కారనీ అనుకునింది.

పాట అయిపోయింది. మాస్టరు తిరగలేదు.

 బజారులో కొబ్బరిబోండాలు నరికే సౌండు వినపడతా ఉండాది. శక్తివేల్ రెండు చేతులూ కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"సరిపోయింది మాస్టర్" అన్నాడు. "నాలుగూ ఒకటే మాదిరి. ఇప్పుడేం చెప్తారు ఆమెకు?"

"నువ్వు ఊరకుండప్పా."

"తీగలు బాగలేవు కాబట్టి ఆ మాట అని తప్పించుకున్నాం. తీగలు బాగయినాయి. నాకు ఆ బేసు వద్దు. నేనెప్పుడూ అడగలేదు. ఆమె నన్ను చూసే చూపుకు మొన్నట్నుంచీ తలెత్తలేకపోతా ఉండా. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఇందుమతికి ఏమీ అర్థం కాలేదు. ఒకరి తర్వాత ఒకరి మొగం చూసింది. శక్తివేల్ మొగంలో కోపం ఉండాది, కానీ ఆమె మీద కాదు. తీగల మీద అరచెయ్యి ఆనించి, ఇంకా సన్నంగా మోగతా ఉండిన సౌండును ఆపింది.

"ఏంది మాస్టర్?"

మాస్టరు తాంబూలం కిటికీలోంచి ఉమిసి, తువ్వాలతో మూతి తుడుచుకోని, అప్పుడు తిరిగినాడు. ఆయన మొగం ఒక్కసారిగా ముసలిది అయిపోయినట్టు కనిపించింది. ఇన్నాళ్లూ ఆమెను కసిరిన మనిషి కాదు అది. కుర్చీ ఒకటి లాగి, "కూర్చో అమ్మా" అన్నాడు.

"నీ కుర్చీ నీదే. వాయింపులో నాకు ఏ కొరతా లేదు. ముందూ లేదు. తీగలు ఇబ్బంది పెడతా ఉంటే, దేవుడే నాకొక సాకు ఇచ్చినాడనుకున్నా. అబద్ధం చెప్పాల్సిన పని తప్పిందే అనుకున్నా."

"సాకు దేనికి మాస్టర్?"

"నిన్ను నిలిపెయ్యమని నన్ను అడిగినారు. ఈ మెట్లెక్కి వచ్చి, నీ కుర్చీలోనే కూర్చోని, చేతులు పట్టుకోని అడిగినారు. బిడ్డకు చెప్పొద్దు, నేను వచ్చినట్టు తెలియకూడదు, మీరే ఏదో ఒక వంక చెప్పి పంపించెయ్యండి అన్నారు. ఏడిచినారు. ఆ ఏడుపు చూసి నేను సరే అనేసినా."

"ఎవురు?"

మాస్టరు శక్తివేల్ వైపు చూసినాడు. శక్తివేల్ నేల చూపు చూసినాడు.

"బయటి మనిషైతే నేను మెట్ల మీది నుంచే పంపించేసి ఉందునమ్మా" అన్నాడు మాస్టరు. "మీ ఇంట్లో మనిషే వచ్చింటే నేనేం చేసేది?"

ఇందుమతి ఇంట్లో ఆమె కాకుండా ఉండేది ఇద్దరే. ఒకరు పొద్దున డబ్బాలో పెరుగన్నం పెట్టి, బస్సులో జాగ్రత్త అని చెప్పి పంపినారు. ఇంకొకరు ఇప్పటికి మిద్దె మీద మళ్లా గొంతుకూర్చోని, మాలు గట్టిపడక ముందే టైల్స్ పరస్తా ఉంటారు.

అమ్మ అయితే బాగుండు, అని ఒక్క ఊపిరి సేపు అనుకునింది. అట్ల అనుకున్నందుకు ఆ మరు ఊపిరిలోనే సిగ్గుపడి, గిటారు మెడను గట్టిగా పట్టుకునింది. మాస్టరు నోరు తెరిచినాడు.